మావయ్య మోటారు సైకిల్లో కరెంటు దొంగ

పేడనీళ్లతో తలంటుకున్న పెళ్లికొడుకుని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి, అది నేనే. పెళ్లికి ముందు అందరికీ పసుపు రాస్తారు. నాకు పేడ కొట్టారు. కొట్టినవాళ్లలో మొదటి చెయ్యి సాక్షాత్తూ పెళ్లికూతురిది. దీనికంతటికీ కారణం ఒక మోటారు సైకిలు, అందులో ఒక బ్యాటరీ, ఆ బ్యాటరీలో కరెంటుని రోజూ ఎవరు తాగేస్తున్నారో కనిపెట్టడానికి నడుం కట్టిన ఒక మహామేధావి. ఆ మేధావికి అప్పటికి ఇరవై ఏళ్లు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు గానీ గర్వం మాత్రం నిండుగా వచ్చేసింది.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. కొండ మీదికి రైలు లేదు, బస్సు లేదు. ఎద్దుబండి అనంతగిరి ఘాటెక్కి అరకు చేరేసరికి ఎద్దులకీ, తోలేవాడికీ, లోపల కూర్చున్నవాడికీ సమానంగా రొప్పు వచ్చేది. అరకు దాపున ఒక సంత ఊళ్లో మా మావయ్య సన్యాసయ్య దుకాణం పెట్టాడు. గూడేల నుంచి చింతపండు, పసుపు, వలిసె గింజలు కొని కిందికి పంపేవాడు. చదువు నన్ను వదిలేసిందో నేను దాన్ని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు గానీ, మా అమ్మ నన్ను ఆయన దగ్గరికి సాయంగా పంపేసింది.

అంతకుముందు నేను విజయనగరంలో ఒక బయస్కోపు డేరాలో పనిచేశాను. పనంటే మరేం కాదు, డైనమో వేడెక్కినప్పుడల్లా దాని పక్కన నిలబడి విసనకర్రతో విసరడం. కరెంటుతో నాకున్న చుట్టరికం అంతే. కొండెక్కాక మాత్రం విసనకర్ర సంగతి దాచేసి, డైనమో సంగతే పదిమందికీ చెప్పాను. వినేవాళ్లకి అది తెలియదు, చెప్పేవాడికి అంతకన్నా తెలియదు. ఇక అడ్డేముంది?

సరిగ్గా అప్పుడే అనంతగిరి కాఫీ తోటల్లో దొర ఒకడు సీమకి వెళ్లిపోతూ తన మోటారు సైకిలు అమ్మకానికి పెట్టాడు. ఇంట్లో కరెంటు చదివిన మేనల్లుడు ఉన్నాడు కదా అని మావయ్య కొనేశాడు. ముందు గుమ్మడికాయంత దీపం. మీట నొక్కితే దానంతటది అరిచే హారను. బండి నడవడానికి బ్యాటరీతో పనిలేదు, దీపానికీ హారనుకీ మాత్రం అదే దిక్కు. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఒక బుల్లి డైనమో ఆ బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఇంతవరకూ దొర చెప్పింది నాకు బాగానే అర్థమైంది. ఆ తర్వాతిదంతా నా సొంత పాండిత్యం.

మావయ్యకి బండి నడపడం రాదు. నేను నడుపుతుంటే వెనక కూర్చుని, ఒక చేత్తో తలపాగా, ఒక చేత్తో నా చొక్కా పట్టుకునేవాడు. ఆయనకి కావలసిందల్లా హారను. సంతలో అడుగుపెట్టగానే, "నొక్కరా! ఇంకోపాలి నొక్కు!" అని నా వీపు మీద గుద్దేవాడు. మేకలు చెదిరిపోతే మొహం వెలిగిపోయేది.

ఇక మావయ్య దుకాణం గురించి ఒక్క మాట చెప్పాలి. అక్కడ గొలుసు లేని వస్తువు లేదు. తక్కెడకి గొలుసు, కుంచానికి గొలుసు, మంచినీళ్ల కుండ మీద లోటాకి కూడా గొలుసు. ఆయన ఇచ్చిన మాట తప్పని మనిషి, కానీ ఎవర్నీ నమ్మని మనిషి. బండి ఇంటికొచ్చిన తొలిరోజే నా చేతికో తుప్పుపట్టిన ఇనుప గొలుసూ తాళంకప్పా ఇచ్చి, "ఇలువైన సామాను ఏటుందో దానికి కట్టు" అన్నాడు. బండిలో విలువైనది బ్యాటరీ కాక మరేముంది? దాని తోలు మూతని దొర ఎక్కడో పారేసుకున్నాడు. పైన రెండు సీసం మొలకలు పొట్టి కొమ్ముల్లా బయటికి కనబడేవి. పశువుకి కొమ్ములకి పలుపు వేసి కట్టడం మా ఇంటా వంటా ఉన్న విద్యే కనుక, ఆ రెండు కొమ్ములకీ గొలుసు చుట్టి, బండి చట్రానికి బిగించి, తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకున్నాను. గొలుసు తగిలినప్పుడు చిటుక్కుమని చిన్న మెరుపు వచ్చింది. లోపల కరెంటు దిట్టంగా ఉందని తృప్తిపడ్డాను.

మీలో కొందరు అప్పుడే నవ్వుతున్నారని నాకు తెలుసు. కాస్త ఆగండి. నవ్వడానికి ఇంకా చాలా ఉంది.

మర్నాడు పొద్దున్న హారను నొక్కితే నోరు విప్పలేదు. దీపం వేస్తే వెలగలేదు. గొలుసు విప్పి బండి ఒక గంట తిప్పితే రెండూ లేచి కూర్చున్నాయి. సాయంత్రం కొమ్ములకి పలుపు వేశాను. పొద్దున్నకి మళ్లీ చచ్చాయి. ఇదే వరస రోజూ సాగింది.

"ఏటిరా ఇది? కరెంటు ఎటెలిపోతంది?" అన్నాడు మావయ్య.

"పరిశోధిస్తున్నాను మావయ్యా."

"అదేటో బేగి సెయ్యి. ఆరను నేని మోటారు మీద సంతకెల్తే నవ్వరేటి?"

పరిశోధన మొదలైంది. గొలుసు విప్పి పక్కన పెట్టి, తీగలన్నీ ఊడదీసి వాసన చూశాను. కాలిన వాసన లేదు. తీగలు బిగించి, గొలుసు మళ్లీ జాగ్రత్తగా చుట్టాను. మంచు పడి కరెంటు చల్లారిపోతోందేమోనని బండికి గొంగళి కప్పాను. బండి వెచ్చగా పడుకుంది, నేను చలికి వణికాను. అత్తయ్య దిష్టి అంది. ఎండుమిరపకాయలు, ఉప్పు బండి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటు రాలేదనీ, ఊరి దిష్టంతా బండి మీదే ఉందనీ తేల్చింది. ఘాటు నాకు వచ్చింది. రోజంతా తుమ్మాను.

ఆ తర్వాత బ్యాటరీలో నీళ్లు ఎలా ఉన్నాయో చూద్దామని వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. చాలా రోజులు నాకు ఉప్పూ కారం తెలియలేదు. పుల్లగా ఉందని మాత్రం చెప్పగలిగాను. మావయ్య కళ్లు మెరిశాయి.

"పులుపు తగ్గిపోయుంటాదిరా! మన కొండ సింతపండు పిసికి పోసీమంటావా?"

అప్పుడే పెరట్లోంచి మా మరదలు పైడమ్మ వచ్చింది. మావయ్య కూతురు, కొండ మీదే పుట్టి పెరిగింది. గూడెం ఆడవాళ్లందరితోనూ వాళ్ల మాటల్లోనే మాట్లాడేది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

"పోపు కూడా పెట్టీ బావా. సారైపోతాది" అని వెళ్లిపోయింది.

చింతపండు ఆలోచన అక్కడితో ఆగింది. నాకు మాత్రం ఆ పిల్ల అంటే చచ్చేంత ఇష్టం. ఆ ఇష్టం ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక, బండి బాగుచేసి చూపిస్తే దానంతటదే తెలిసిపోతుందనుకునేవాణ్ణి.

ఇలా ఉండగా ఒక సంజవేళ గొలుసు వేసి, కాసేపటికి తాళం సరిచూద్దామని చెయ్యి పెట్టాను. గొలుసు వెచ్చగా ఉంది! చుట్టూ చూస్తే నరపురుగు లేదు. మీరైతే ఏమనుకునేవారో గానీ నేను మాత్రం ఇలా అనుకున్నాను. ఎవరో ఇప్పటిదాకా ఈ గొలుసు పట్టుకుని కూర్చున్నారు, నా అడుగుల చప్పుడు విని పారిపోయారు, వాళ్ల చేతి వేడి ఇంకా ఆరలేదు! అంటే కరెంటుకి దొంగ ఉన్నాడు. నేను గొలుసుని ఇంకో రెండు చుట్లు బిగించి చుట్టాను. మెరుపు కూడా రెట్టింపు వచ్చింది.

మర్నాడు దుకాణానికి పక్క గూడెం పెద్ద సోమ్రా వచ్చాడు. చింతపండు బుట్టలు దింపుతుంటే అతణ్ణి పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాను.

"సోమ్రా, మీ వాళ్లెవరైనా నా కరెంటు తాగుతున్నారా?"

సోమ్రా చాలాసేపు ఆలోచించాడు. "జీలుగు కల్లులాగుంటాదేటి బాబూ?"

"తెలియదు. పుల్లగా ఉంటుంది."

"మంచిదుంటే ఇన్నాల్లూ మాకు సెప్పకుండా దాసీసినావేటి?" అని నొచ్చుకున్నాడు. ఆ మొహం చూశాక గూడెం మీద అనుమానం వదిలేశాను.

సోమ్రా ఆ రోజు వచ్చింది చింతపండు పని మీదే కాదు. చైత్రంలో ఇటుకల పండుగ దగ్గరపడుతోంది. పండుగ రోజుల్లో గూడెంలో మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని వేటకి వెళ్లాలి. ఏదో ఒకటి కొట్టుకొస్తే పాటలు, ఆటలు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు దారికి వెదురుబొంగు అడ్డం పెట్టి, కుండలతో పేడనీళ్లు కొట్టి, నోటికొచ్చిన పాటల్లా పాడి పరువు తీస్తారు. కిందటేడు సోమ్రా వాళ్లు ఉత్త చేతులతోనే వచ్చారు. అతని భార్య బుద్రి ఆ పాట ఏడాదిగా పాడుతూనే ఉందట.

"వాగు దారంట పందులు తప్పించుకు పోతన్నాయి బాబూ. నీ బండి ఆ దారిలో ఎట్టి కూయించీ. బెదిరి మా బాణాల కాడికి ఒచ్చీత్తాయి."

నేను నోరు తెరిచేలోపు మావయ్య మాట ఇచ్చేశాడు. ఆ గూడెం చింతపండంటే ఆయనకి ప్రాణం. ఇచ్చాక నా వైపు తిరిగి, అందరి ఎదుటా అన్నాడు: "ఇనుకో. ఇటుకల పండగనాడు ఆ ఆరను మోగిందా, మా గుంట పైడమ్మ నీది. మోగనేదా, బస్తాల బండెక్కి మీయమ్మ కాడికి ఎల్లిపో."

లోపలి నుంచి లోటా గొలుసు ఠంగున మోగింది. పైడమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నన్ను ఆరనుకి కట్టీసినావేటి నాన్నా? నన్నడగవేటి?"

"మాటిచ్చీసినాను కదమ్మా."

"నీ మాట నువ్వు ఇచ్చుకున్నావు. నా మాట నా కాడుంది" అని నా వైపు ఒక చూపు చూసింది. అందులో కోపమెంతో ఇంకేమెంతో తెలియక నేను నిద్రకి దూరమయ్యాను.

పండుగ రోజు వచ్చింది. తెల్లారగానే బండిని సంత వీధిలో పైకీ కిందికీ గంటసేపు తిప్పి బ్యాటరీ నింపాను. హారను నొక్కితే ఊళ్లో కుక్కలన్నీ జవాబిచ్చాయి. పైడమ్మ అప్పటికే గూడెం ఆడవాళ్లతో పండుగకి వెళ్లిపోయింది. నేను అడవి అంచుదాకా బండి నడిపి, పందులకి చప్పుడు వినబడకుండా ఇంజను ఆపేసి, అక్కణ్ణుంచి సోమ్రాతో కలిసి వాగు దాకా తోసుకెళ్లాను.

"డప్పు మోగినప్పుడు నొక్కు. అందాకా కదలకు" అని చెప్పి సోమ్రా తనవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇక నేనూ, బండీ, అడవీ మిగిలాం. జీవితమంతా ఆ హారను మీద ఆధారపడి ఉంది. ఇలాంటి సమయంలో దొంగ వస్తే? ఊళ్లోనే అంత నైపుణ్యం చూపినవాడు అడవిలో ఊరుకుంటాడా? నేను చేయవలసిన పని నాకు తెలుసు. నడుముకి చుట్టుకొచ్చిన గొలుసు తీసి, రెండు కొమ్ములకీ గట్టిగా చుట్టి, తాళం వేసి, దాని పక్కనే కళ్లల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాను. మెరుపు ఘనంగా వచ్చింది. శుభం అనుకున్నాను.

పొద్దెక్కింది. కొండ మీద డప్పు మోగింది. పొదలు విరుగుతున్న చప్పుడు కిందికి వస్తోంది. నేను లేచి, పైడమ్మని తలచుకుని, హారను మీట నొక్కాను.

హారను కనీసం మూలగలేదు.

మళ్లీ నొక్కాను. రెండు చేతులతో నొక్కాను. బతిమాలాను. గొలుసు మీద చెయ్యి పడింది, చురుక్కుమంది. వెచ్చగా కాదు, ఈసారి కాలిపోతోంది!

"దొంగ! ఇప్పుడే చెయ్యి తీశాడు!" అని కేకపెట్టి పొదల వైపు దూకాను. ఎదురుగా పొదలో నల్లటి వీపు ఒకటి వంగి కదులుతోంది. నా పక్కనే కూర్చుని నా కళ్లెదుటే తాగి, ఇంకా దాక్కుంటున్నాడా! "దొరికావురా!" అంటూ జుట్టు పట్టుకున్నాను.

జుట్టు చీపురులా గరుగ్గా ఉంది. దొంగ వెనక్కి తిరిగాడు. దొంగకి కోరలున్నాయి.

చెట్టెక్కడం నాకు రాదని మా అమ్మ అందరికీ చెప్పేది. ఆ రోజు మా అమ్మ అక్కడ లేదు. నేను కొమ్మ మీద కూర్చుని చూస్తుండగా ఆ అడవిపందీ, దాని పరివారమంతా నేను వదిలేసిన వాగు దారిలో తాపీగా వెళ్లిపోయాయి. చివరి పిల్ల ఆగి, బండి చక్రాన్ని వాసన చూసి మరీ వెళ్లింది.

సోమ్రా వాళ్లు వచ్చి చెట్టు కింద నిలబడ్డారు.

"దొంగ దొరికీసినాడేటి బాబూ?" అన్నాడు సోమ్రా.

"దొరికాడు. నేనే వదిలేశాను."

"పేడ కలిపీసుంటారు" అని ఒకడు నిట్టూర్చాడు. మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు సోమ్రా ఎంతో మర్యాదగా అన్నాడు: "నువ్వు ముందెల్లు బాబూ. నీ బండి బేగి ఎల్తాది. మేం ఎనకాల ఒత్తాం."

ఆ మర్యాద దేనికో నాకు గూడెం పొలిమేరలో అర్థమైంది. గొలుసు విప్పే ఓపిక లేక తాళంతోనే బండి తీశాను. దారి పొడుగునా ఏదో మాడిన వాసన. నా గుండె మాడుతున్న వాసనే అనుకున్నాను. మలుపు తిరిగేసరికి దారికి అడ్డంగా వెదురుబొంగు. దాని వెనక వరుసగా ఆడవాళ్లు, చేతుల్లో కుండలు. మధ్యలో బుద్రి. బుద్రి పక్కన, చీరకొంగు నడుముకి బిగించి, కుండ భుజానికెత్తి, మా పైడమ్మ!

"ఏటి తెచ్చినావు బావా?"

బండి ఆపాను గానీ ఇంజను ఆపలేదు. ఆఖరి ఆశతో బొటనవేలు హారను మీట మీద పెట్టి నొక్కిపట్టాను. ఖాళీ చెయ్యి ఒకటి చూపించాను.

"ఉత్త సెయ్యే!" అని పైడమ్మ కుండ కుమ్మరించింది. ఆ తర్వాత ఎవరు ఎంత కొట్టారో నేను చూడలేదు, కళ్ల నిండా పేడ. బుద్రి నా మీద అప్పటికప్పుడు పాట కట్టింది. పంది జుట్టు సంగతి ఆవిడకి నాకంటే ముందే ఎలా చేరిందో దేవుడికే తెలియాలి.

ఆ నీళ్లలో కొన్ని బండి మీద పడ్డాయి. "సుయ్..." మని బ్యాటరీ దగ్గర ఆవిరి లేచింది. ఆడవాళ్లు వెనక్కి తగ్గారు.

"ఒలమ్మో! ఆ గొలుసు పెనంనాగ కాగిపోతంది. కాలు కాలిపోతాది బావా, ఉండు" అంటూ పైడమ్మ పేడ కలిపిన కర్ర ఆ గొలుసు కింద పెట్టి ఎత్తింది. దారి కుదుపులకి వదులైన గొలుసు ఒక కొమ్ము మీంచి పైకి జారింది.

కుయ్య్య్య్‌మని హారను కొండలు దద్దరిల్లేలా అరిచింది!

నా బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. కుండలు రెండు పగిలాయి. కోళ్లు కప్పులెక్కాయి. పైడమ్మ ఉలిక్కిపడి కర్ర వదిలేసింది. గొలుసు కొమ్ము మీద పడింది. హారను ఆగింది. ఆవిడ కళ్లు చిన్నవి చేసి చూసి, మళ్లీ గొలుసు ఎత్తింది. కుయ్య్య్! దింపింది. నిశ్శబ్దం. ఎత్తింది. కుయ్య్య్! దింపింది.

అప్పటికి మగవాళ్లు కూడా చేరుకున్నారు. సోమ్రా ఆ గొలుసునీ, తాళాన్నీ, నా మొలతాడుకి వేలాడుతున్న చెవినీ వరసగా చూశాడు.

"రోజూ దొంగని కరెంటు కాడ కట్టీసి, తాళం ఏసి, సెవి నీ కాడే ఎట్టుకున్నావేటి బాబూ?"

గూడెం గూడెమంతా నేల మీద కూర్చుని నవ్వింది. నన్ను అడగండి, ఆ నవ్వు ముందు పేడనీళ్లు పన్నీరు. నాకు ఏడుపు వచ్చేసింది. సిగ్గుకి కాదు. మర్నాడు ఎక్కవలసిన బస్తాల బండి కళ్ల ముందు కనబడింది.

ఇంతలో మావయ్య తలపాగా చేత్తో పట్టుకుని ఊళ్లోంచి పరిగెత్తుకొచ్చాడు. "మోగిందిరా! ఊల్లోకి ఇనిపించింది! మోగిందా నేదా?"

"మోగింది గానీ మావయ్యా, వేట..."

"ఏటతో నాకేటి పని? పండగనాడు ఆరను మోగితే అన్నాను. మోగింది. మాటంటే మాటే. గుంట నీది!"

నేను పేడలోంచి వెలిగిపోతూ పైడమ్మ వైపు చూశాను. ఆవిడ కర్ర నేలకి ఆనించి, నడుం మీద చెయ్యి వేసింది.

"ఆగు నాన్నా. మోగించింది ఎవులు?"

మావయ్య బుర్ర గోక్కున్నాడు. "నువ్వే."

"మరైతే నేనెలా బావదాన్ని అవుతాను? బావే నాకు ఒచ్చీసినాడు." నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది. "కడుక్కుంటే పనికొత్తాడు. ఉంచుకుంటాను."

నా జీవితంలో నా గురించి విన్న మంచిమాటల్లో ఇప్పటికీ అదే గొప్పది. అప్పటికప్పుడు నా మొలతాడు నుంచి తాళంచెవి లాగి తన కొంగున ముడేసుకుంది. పసుపు తాడు తర్వాత ఎప్పుడో కట్టాను గానీ, పెళ్లి మాత్రం ఆ క్షణానే అయిపోయింది. సోమ్రా వాళ్ల మీద ఆ రోజు ఒక్క చుక్క పేడనీళ్లు పడలేదు. అన్నీ నాకే అయిపోయాయి.

కనుక అడవిపంది సాక్షిగా, పేడకుండల సాక్షిగా, బుద్రి కట్టిన పాట సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరి ఏ కొమ్ములకీ గొలుసు చుట్టను. ఇంట్లో ఏది కనబడకపోయినా దొంగ కోసం పొదల్లో దూకను, ముందు నా మొలతాడు తడుముకుంటాను. పక్కవాడి జుట్టు పట్టుకునే ముందు కోరలున్నాయో లేదో చూసుకుంటాను.

ఈ ప్రమాణం చదివి వినిపిస్తే మా ఆవిడ అంతా విని, కొంగు ముడి విప్పి, ఆ పాత తాళంచెవి ఇంకా ఉందో లేదో చూసుకుని మళ్లీ ముడేసుకుంది.